నవత చూపిన మూడు స్వరాలు

బెల్లంపల్లి
చెల్లె నవతకు,

ఆరు పేజీల పియానో రచన మీద నువ్వు రాసి పంపిన కాగితాలు అందలేదని ఫోనులో నీకు అబద్ధం చెప్పాను. అవి అంది పదిహేను రోజులైంది. "మళ్లా రాస్త తీ అక్కా, ఫికర్ చెయ్యకు" అని నువ్వే నన్ను ఓదార్చావు.

చర్చిలో నీకు కీబోర్డు నేర్పింది నేను. ఆ పియానో రచనలో ప్రతి కార్డ్‌కూ, అంటే కలిపి నొక్కే ప్రతి స్వరాల గుత్తికీ, పేరు రాస్తూ ఏడాది గడిపాను. నువ్వు నీ కాగితాల్లో అలంకారాలన్నీ ఒక్కొక్కటిగా తీసేసి, ఆరు పేజీల కింద మెట్లు దిగినట్టు దిగే మూడే స్వరాలున్నాయని చూపించావు. తప్పు దొరుకుతుందేమోనని రోజూ వాయించి చూశాను. దొరకలేదు.

నిన్న మీ బావ విని, "గింత మంచిగ ఎన్నడు వాయించలే నువ్వు. ఎవలు నేర్పిండ్రు?" అన్నాడు.

"ఎవలు నేర్పలే" అన్నాను. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

సదస్సుకు పంపాలంటే గురువు సంతకం కావాలన్నావు కదా, నీ కాగితాల మీద చేశాను. దాని కింద "ఇది నేను నేర్పింది కాదు" అని కూడా రాశాను. వాటిని ఈ ఉత్తరంతో పాటే తిరిగి పంపుతున్నాను, సోమవారం లోపు సదస్సుకు పంపించు.

కొన్నాళ్లు నాకు ఫోన్ చేయకు. నీ గొంతు విని సంతోషపడటం నాకింకా చేతకావడం లేదు.

మీ అక్క