నేల మీద పెట్టిన కత్తి

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున పూజలో నీ పేరున ఒక దీపం ఎక్కువ పెట్టాను.

నీకొక సంగతి చెప్పాలి. వంటింట్లో ఒక్కదాన్నే ఉండలేక, ఆదివారాలు మన వీధి చివర కొలిమికి వెళ్లి కత్తులు చేయడం నేర్చుకుంటున్నాను. కమ్మరి మల్లయ్యన్నకు నన్ను చూస్తే నవ్వు. "దేవునికి పువ్వు పెట్టినట్టు కొడ్తానవేంది చెల్లె? జర గట్టిగ కొట్టు!" అంటాడు. మొదటి రెండు కత్తులూ కాల్చి నీళ్లలో ముంచగానే పగిలాయి. పాత లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీ ఉక్కుతో చేసిన మూడోది నిలిచింది. బెండకాయ నలగకుండా, నీకు నచ్చినట్టే తెగుతోంది.

ముప్పై ఏళ్లు తోటికోడళ్లం ఒకే వంటింట్లో ఉన్నాం. కత్తి చేతికిస్తే కొట్లాటలొస్తాయని నువ్వు ఎప్పుడూ నేల మీదే పెట్టేదానివి, నేను తీసుకునేదాన్ని. అయినా కూరలో ఉప్పు దగ్గర రోజూ కొట్లాడుకున్నాం.

ఇవాళ కొత్త కత్తిని అలవాటుగా నీ పీట ముందు నేల మీద పెట్టాను. చాలాసేపు అక్కడే ఉండిపోయింది. చివరికి నేనే తీసుకుని, పిడి నీ పీట వైపు తిప్పి, చేత్తోనే అందించబోయాను.

కొట్లాట వస్తే రానీ, అక్కా.