వేరే పళ్ళెం

చౌటుప్పల్

జబీన్‌కు,

ఒక సంగతి నాకు ఎటూ తేలడం లేదు, నువ్వే చెప్పాలి. మొన్న మా ఇంటి దావత్‌లో నీ కోసం హలాల్ కోడి విడిగా వండించి, మా కూర తగలకుండా కొత్త పళ్ళెంలో పెట్టాను కదా. నువ్వు వెళ్ళగానే మా బిడ్డ ఎస్తేరు నా మీదికి లేచింది.

"ఊళ్లె తాతకు వేరే గ్లాసుల చాయ్ పోసిన హోటలోనికి, నీకు ఏం ఫరక్ అమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. నీ మతాన్ని గౌరవించడం కూడా తప్పేనా అని తిట్టాను.

తర్వాత వంటింట్లోకి వెళ్తే, నీ పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. దావత్‌కు వచ్చిన వాళ్ళలో ఇంకెవరూ కడగలేదు. మా నాయిన కూడా ఆ హోటల్లో తాగిన గ్లాసు తానే కడిగి పెట్టేవాడు.

నువ్వెందుకు కడిగినవే జబీన్?

నీ దోస్తు