రెండో జట్టు చరిత్రలో ఒక గోలు

జెర్సీ సిటీ,
12 అక్టోబరు 2010, మంగళవారం.

సౌభాగ్యవతి వసుమతికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను, కిరణ్, స్రవంతి, ఇషా అందరం బాగానే ఉన్నాం. బాతెల్‌లో అమ్మాయింట్లో నువ్వూ, విద్యా, అల్లుడుగారూ, పసివాడూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని పిల్లలు నవ్వుతున్నారు. ఫోను మోగగానే స్పీకర్ నొక్కి వంటింటి గట్టు మీద పడేసే ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడానికి ఇంకో దారేముంది? ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువు. కళ్ళజోడు కనిపించలేదని విద్య చేత చదివించుకోకు.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడు తప్ప బాధ లేదు. బి.పి. మాత్రలు నవంబరు నెలాఖరు దాకా సరిపోతాయి. కిరణ్ చిక్కాడా అని అడిగావు. చిక్కాడు. పొద్దున ఏడింటి ట్రైనుకి మన్‌హట్టన్ వెళ్ళి రాత్రి ఎనిమిదికి వస్తున్నాడు. వాళ్ళ టీములో ఇద్దర్ని తీసేశారని స్రవంతి చెప్పింది. వాడు నాతో ఏమీ అనడు. మనసులో మాట దాచుకోవడం వాడికి ఎవరి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక నీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించిన వాక్యం. “ఈ వయసులో ఆ గోలుతో మీరేం చేసుకుంటారు? అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు, వాడికే వదిలెయ్యండి” అని రాశావు. నాలుగుసార్లు చదివాను. నీకు జవాబు చెప్పాలంటే నీకు తెలిసిన కథే మళ్ళీ మొదట్నించీ రాయాలి. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

మీ అన్నయ్య కేశవరావూ నేనూ ఉక్కు కర్మాగారం తరఫున జర్మనీకి శిక్షణకు వెళ్ళినప్పుడు మా ఇద్దరికీ ఇరవై ఆరేళ్ళు. ఆ ఊళ్ళోని ఫుట్‌బాల్ క్లబ్బుకి రెండు జట్లుండేవి. మొదటి జట్టు మధ్యాహ్నం మూడింటికి ఆడేది. జనం వచ్చేది దాని కోసం. అదే మైదానంలో అంతకు ముందు ఒంటిగంటకి రెండో జట్టు ఆడేది. మొదటి జట్టు వాడి వదిలేసిన చొక్కాలు, వెనక అంకె ఊడదీసి వేరే అంకె కుట్టి, వీళ్ళకిచ్చేవారు. ఆ రెండో జట్టులో మీ అన్నయ్య ఆడేవాడు. నేను సాధనకి వెళ్ళేవాణ్ణి. “వచ్చే ఏడు చూద్దాం” అనేవాడు కోచ్.

ఆ క్లబ్బుకి ఎనభయ్యేళ్ళు నిండుతున్నాయని, అప్పట్లో మా లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన లోమన్ ఇప్పుడు ఒక్క రెండో జట్టుకే చరిత్ర రాస్తున్నాడు. నా అడ్రసు అతనికిచ్చింది మీ అన్నయ్యే. రాసిన నలభై పేజీలు స్రవంతి ఆఫీసులో ప్రింట్ తీసి తెచ్చిపెట్టింది. నా జర్మన్ తుప్పు పట్టింది గాని చచ్చిపోలేదు. రోము పతనం, మొగలుల పతనం సంపుటాలకి సంపుటాలు చదివినవాణ్ణి. ఏదీ నన్నిలా నిద్రపోనివ్వకుండా చెయ్యలేదు. 1954లో ఈ రెండో జట్టు లీగులో తన తరగతిలో అందరినీ ఓడించి మొదట నిలిచింది. ఆ ఏడే మొదటి జట్టు పైన ఓడి ఓడి అదే తరగతిలోకి జారింది. ఒక క్లబ్బు జట్లు రెండూ ఒకే తరగతిలో ఉండకూడదని, రెండోది మొదటిదాని కన్నా పైకి పోకూడదని అక్కడ నియమం. అందుకని గెలిచినవాళ్ళని కిందికి దింపారు! ఆ పేజీ దగ్గర నాకు మన కర్మాగారం ప్రమోషన్ లిస్టులన్నీ గుర్తొచ్చాయి. మీ అన్నయ్య జనరల్ మేనేజరుగా దండలు వేయించుకున్నాడు. నేను అతని డిప్యూటీగా ఆ దండలు తెప్పించాను.

లోమన్ ప్రశ్న ఇది. 1967 ఏప్రిల్‌లో పక్క ఊరి జట్టు మీద గెలవకపోతే రెండో జట్టు మళ్ళీ కింది తరగతికి పోయేది. ఒక్క గోలుతో గెలిచింది. రిఫరీ కాగితంలోనూ, మర్నాటి పేపర్లోనూ గోలు కేశవరావు పేరున ఉంది. లోమన్ జ్ఞాపకంలో మాత్రం గోలు కొట్టింది ఇంకో భారతీయుడు. ఏది నిజమో శుక్రవారం లోపల నన్ను చెప్పమన్నాడు. ఆ తర్వాత పుస్తకం అచ్చుకి పోతుంది.

ఆ గోలు నాదని నీకు తెలుసు, మీ నాన్నగారికి తెలుసు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన కేశవరావు ఆ పొద్దున నిద్రలేవలేదనీ, నేను తలుపు కొట్టి కొట్టి, అతని స్థానం పోకుండా అతని గుర్తింపు కార్డు మీద నేనే ఆడాననీ మీ ఇంట్లో అందరికీ తెలుసు. కార్డు మీద ఫొటో ఉంది. రిఫరీ ఫొటో చూశాడు, నన్ను చూశాడు, కార్డు తిరిగిచ్చేశాడు. వాళ్ళకి మన రంగు కనిపించేది, మొహాలు కనిపించేవి కావు. కానీ పదేళ్ళు తిరిగేసరికి గోలు మీ అన్నయ్యదైపోయింది. విశాఖలో వాళ్ళ హాల్లో ఆ పేపరు ముక్క పటం కట్టి ఉంది. ఏ పెళ్ళికెళ్ళినా విస్తళ్ళ దగ్గర ఆ గోలే. నేనా పక్కనే కూర్చుని పప్పు కలుపుకునేవాణ్ణి.

శనివారం స్రవంతి లాప్‌టాప్ పట్టుకొచ్చింది. “మామయ్యగారూ, ఆ జర్మన్ అంకుల్ మళ్ళీ మెయిల్ చేశారండీ. ఏం రిప్లై ఇవ్వమంటారు?”

“ఆలోచిస్తున్నానమ్మా.”

“ఇందులో ఆలోచించేదేముందండీ? గోల్ మీరు కొట్టారా, ఆయన కొట్టారా? చెప్పండి, టైప్ చేసేస్తా.”

ఆదివారం పొద్దున్నే ఆస్పత్రికి ఫోన్ చేశాను.

“ఏమోయ్ బావా, బతికే ఉన్నావా?” అన్నాడు మీ అన్నయ్య. సెలైన్ ఎక్కుతోంది తనకి, పలకరింపు నాకు!

“లోమన్‌కి ఏం రాయమంటావు?”

“ఉన్నదే రాయి. కాగితం మీద నా పేరుందిగా.”

“కాలు నాది.”

“కాలు నీదే. నలభై మూడేళ్ళు ఆ గోలుని సాకింది నేను. ఒక్క పెళ్ళిలోనన్నా నోరిప్పావుటోయ్? ముంగిలా కూర్చునేవాడివి. ఆపరేషనుకి ముందు నా పేరు అచ్చులో చూసుకోనీ బావా. నువ్వెటూ మంచివాడివేగా, నా తలుపు కొట్టినవాడివి.”

నాకు ఒళ్ళు మండిపోయింది వసుమతీ. ఆ మంటలో నోరు జారిందో, ఇన్నాళ్ళూ దానికోసమే కాచుకుని ఉందో తెలియదు.

“నేను నీ తలుపు కొట్టలేదు” అన్నాను.

అవతల నర్సెవరో ఏదో అడిగింది. “తర్వాతమ్మా” అన్నాడు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతున్నాను. ఆ ఆదివారం ఆట ఒంటిగంటకి కాదు. పదిన్నరకి మార్చారు. శనివారం క్యాంటీన్లో కోచ్ నన్ను పిలిచి, “నీ స్నేహితుడికి చెప్పు, పదిన్నర” అన్నాడు. సాయంత్రం కేశవరావు షిఫ్టుకి వెళ్తూ మెట్ల మీద ఎదురొచ్చి, “రేపు ఒంటిగంటకేగా?” అని అడిగాడు. “ఒంటిగంటకే” అన్నాను. అతని కార్డు కోచ్ దగ్గరే ఉంటుందని, అతను రాకపోతే దాని మీద నన్నే దింపుతాడని నాకు తెలుసు. బూట్లు ముందు రాత్రే తుడిచి పెట్టుకున్నాను. అతను పన్నెండున్నరకి, చేతిలో బూట్ల సంచీతో, ఈల వేసుకుంటూ వచ్చాడు. మేం అప్పటికి చొక్కాలు విప్పేశాం. అతని మొహం పాలిపోవడం చూసి, “టైము మార్చారట. పొద్దున వచ్చి ఎంత కొట్టినా నువ్వు లేవలేదు” అన్నాను. నన్ను కౌగిలించుకున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఫోన్లో చివరికి, “చెల్లాయికి తెలుసా?” అని అడిగాడు.

“తెలీదు.”

“ఏలూరు లెక్చరర్ సంబంధం అప్పట్లో దానికి ఖాయమైనట్టేనోయ్. తాంబూలాలకి రోజు కూడా చూశారు. దానికీ ఇష్టమే. నేనే అడ్డుపడ్డాను. పరాయి దేశంలో నా పరువు నిలబెట్టినవాడికి కాక ఇంకెవరికిస్తావని నాన్నతో పోట్లాడాను.”

“పోట్లాడావని తెలుసు.”

“గోలు నువ్వే ఉంచుకో. ముందు దానికి చెప్పు. చెప్పేదాకా నాకు ఫోన్ చెయ్యకు.” పెట్టేశాడు.

లెక్చరర్ నీకూ ఇష్టమేనన్న సంగతి నలభై రెండేళ్ళ కాపురంలో నాకు ఆదివారమే తెలిసింది. మీ నాన్నగారు నన్ను చూడ్డానికి వచ్చిన రోజున, “మా వాడి తలుపు కొట్టినవాడివి నువ్వేనా బాబూ” అని నా చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటారని భయపడ్డాను. ఆ తర్వాత పిల్లలు పుట్టారు. మీ అన్నయ్య గొప్పలు చెప్పుకుంటుంటే పళ్ళు కొరుక్కోవడం నాకు హాయిగా కూడా ఉండేది. అతను నా గోలు దొంగిలించాడని అనుకుంటున్నంతసేపూ నేను చేసింది నాకు గుర్తొచ్చేది కాదు.

నిన్న స్రవంతి చేత లోమన్‌కి జవాబు టైప్ చేయించాను. గోలు కొట్టింది కృష్ణారావు. కేశవరావు ఆడకపోవడానికి కారణం, అతనికి కృష్ణారావు చెప్పిన అబద్ధం. వేస్తే రెండు వాక్యాలూ వెయ్యాలి, లేకపోతే రెండూ తీసెయ్యాలి అని రాయించాను. రెండో వాక్యం దగ్గర ఆ పిల్ల చేతులాగిపోయాయి. నా వైపు చూసి, “అత్తయ్యగారికి తెలుసా అండీ?” అంది. సేవ్ చేసి ఉంచమన్నాను. ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో గురువారానికి నీకు అందుతుంది. శుక్రవారం పొద్దున ఆ మెయిల్ పంపుతాను. నువ్వు వద్దన్నా పంపుతాను.

ఈ నెల ఇరవై నాలుగున నేను అక్కడికి రావడానికి కిరణ్ టికెట్ బుక్ చేశాడు. ముందు రోజు వరకూ క్యాన్సిల్ చేయవచ్చట. నువ్వు రమ్మంటేనే విమానం ఎక్కుతాను. మోకాలి నొప్పి ఎక్కువైందని పిల్లలకి చెబుతాను, నిన్నెవరూ ఏమీ అడగరు. స్పీకర్లో చెప్పకు. ఒక్క ముక్క రాయి చాలు. రాయకపోతే ఎందుకు రాయలేదని అడగను.

ఇట్లు,
కిరణ్, విద్యల నాన్న,
కృష్ణారావు