వెంట్రుకకు అటూ ఇటూ

గోదావరిఖని

చిరంజీవి సహస్రకు తాత ఆశీస్సులు.

నా అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయి. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ పోతాయి. ఏమీ అనుకోకు బిడ్డా. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత చేతిలో పలక పోయి బొగ్గు తట్ట వచ్చింది. మేమిక్కడ బాగానే ఉన్నాం. నీవక్కడ వేళకు తింటున్నావని తలుస్తాను. మీ నాన్న ప్రశాంత్ డ్యూటీకి పోయి వస్తున్నాడు. ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం ఓపెన్ కాస్టు గని దుమ్ము ఇంట్లోకి వచ్చి కూర్చుంటోంది.

ఫోన్లో నాకు వినబడదని నువ్వు తిరుపతి నుంచి పనిగట్టుకుని కాగితం మీద రాసి పంపుతున్నావు. గని బాయిలో బొగ్గు పేల్చిన చప్పుళ్లు నా చెవులను తినేశాయి. ఇంట్లో వాళ్లంతా ఫోను చుట్టూ చేరి నీతో మాట్లాడుతుంటే నేను మంచం మీద కూర్చుని వాళ్ల నోళ్లు చూస్తుంటాను. ఉత్తరం మాత్రం నా ఒక్కడిదే. ఇంకెవరూ విప్పరు.

నువ్వు చేసి చూడమన్నవన్నీ చేశాను. నీళ్ల గ్లాసులో పెన్సిల్ పెడితే విరిగినట్టే కనిపించింది. పాత సీడీని కిటికీలో ఎండకు పెడితే గోడ మీద ఏడు రంగుల సింగిడి పడింది. మీ అమ్మ పొయ్యి తగ్గించి వచ్చి మరీ చూసింది.

తర్వాత నువ్వు పంపిన ఎర్ర లేజరు లైటు. దాని మూతికి ఒక వెంట్రుక నిలువుగా అతికించి గోడ మీదికి కొట్టమన్నావు. నా తల సంగతి నీకు తెలుసు. ఉన్న నాలుగు వెంట్రుకలూ అతికేంత పొడుగు లేవు. మీ నానమ్మ సమ్మవ్వను అడిగాను.

“ఒక్క వెంట్రుక ఇస్తవా?”

“ఒక్కటేంది, పిడికెడు తీస్కో. ముసలితనంల సదువు మొదలువెట్టినవా?”

నాతో మాట్లాడేటప్పుడు ఆమె అరుస్తుంది కదా, పక్కింటి పూలమ్మకు కూడా వినబడింది. ఆమె గోడ మీది నుంచి తల పెట్టి, “నాయి గూడ రెండు తీస్కో సదన్నా, నల్లరంగేసిన, మంచిగ కనవడ్తయి” అంది.

కిటికీకి దుప్పటి కట్టి, తలుపు మూసి, లైటు వేశాను. గోడ మీద ఒక్క చుక్క పడాలి కదా. అది అడ్డంగా సాగి వెలుగు, చీకటి, వెలుగు, చీకటి, గొంగడి అంచులాగా పడింది. వెంట్రుకకు అటు నుంచి వచ్చిన వెలుగూ ఇటు నుంచి వచ్చిన వెలుగూ కలిసినప్పుడు కొన్నిచోట్ల చీకటి అవుతుందని రాశావు. అది నాకింకా మింగుడు పడలేదు. బాయిలో ఇద్దరం టోపీ లైట్లు ఒకేచోట కొడితే వెలుగు ఎక్కువయ్యేది, చీకటి కావడం ఎన్నడూ చూడలేదు. కళ్లతో చూశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను.

వెలుగును ఒక్కొక్క రవ్వగా పంపినా అది రెండు దారుల్లోనూ పోయినట్టే నడుచుకుంటుందన్నావు. మన లోకంలో అటు పోతే పక్కలోకంలో ఇటు పోతుందని కొందరు సైంటిస్టులు అంటారనీ, దాన్ని ఇంకా ఎవరూ రుజువు చేయలేదనీ రాశావు. నీకు నమ్మబుద్ధి అవుతుందా తాతా అని అడిగావు. నానమ్మ వీడియోలో ఎప్పుడు చూసినా తలకు తువ్వాల చుట్టుకునే ఉంటుందేమిటి, రోజూ తలస్నానమేనా అని కూడా అడిగావు. మొదటిదానికి ముందు జవాబు రాస్తాను.

మీ నాన్న చిన్నగా ఉన్నప్పటి మాట. బాయిలోకి దిగే ముందు ప్రతివాడూ తన నంబరు లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక దాని జాగాలో దాన్ని పెడతాడు. షిఫ్టు అయిపోయినా ఎవరి జాగా ఖాళీగా ఉందో వాడు లోపలే ఉన్నట్టు. అలాంటప్పుడు ఇంటికి నిజం చెప్పేవాళ్లం కాదు. ఓటీ చేస్తున్నాడని కబురు పంపేవాళ్లం. అంటే ఇంకో షిఫ్టు కూడా చేసి వస్తాడని. నిజంగా ఓటీ చేసే రోజులూ ఉండేవి కాబట్టి ఆడవాళ్లు నమ్మేవాళ్లు. లైటు తిరిగి వచ్చేదాకా అదే మాట. మా కార్మికుల ఇళ్ల లైన్లలో అది రివాజు.

ఒకరోజు పైకప్పు కూలి నేనూ నా జతగాడు రాయమల్లూ రాళ్లకు అవతల చిక్కుకున్నాం. పూలమ్మ ఇంటికి వచ్చి సదన్న ఓటీ చేస్తున్నాడని చెప్పింది. మీ నానమ్మ చేపల పులుసు వండి, నాకు గిన్నెలో తీసి మూత పెట్టి, తాను తిని, వాకిట్లో కూర్చుని పూలమ్మతో ముచ్చట్లు పెట్టిందట. ఇద్దరినీ పైకి తీశాక నేను చేతికి కట్టుతో గడపలో నిలబడితే అప్పుడు తెలిసింది ఆమెకు. నేను బతికి వచ్చినందుకు సంతోషపడుతుందనుకున్నాను. నన్ను చూడనే లేదు, పూలమ్మ మీదికి పోయింది.

“నేను పులుసు జుర్రుకుంట నవ్వుతుంటే నువ్వు సూస్కుంట కూసున్నవానే? ఏడుత్తే నేనేడుద్దును. నా ఏడుపు గూడ మీరే దాసుకుంటిరి.”

ఆ గిన్నె తీసుకుపోయి మురికినీళ్ల మోరీలో పారబోసింది.

కాబట్టి పక్కలోకాల సంగతి నాకు తెలిసింది ఇంతే బిడ్డా. ఆ సాయంత్రం ఇద్దరు సదయ్యలు ఉన్నారు. ఒకడు ఓటీలో, ఒకడు రాళ్ల వెనక. మీ నానమ్మ ఓటీలో ఉన్నవాడికి పులుసు తీసి పెట్టింది.

ఇప్పుడు మన ఇంట్లోనూ ఓటీ నడుస్తోంది. ఈసారి నడిపిస్తున్నది మీ నానమ్మే.

ఆమెకు కడుపులో గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. కరీంనగర్ తీసుకుపోయి దవాఖానలో సూదిమందు ఎక్కిస్తున్నాం. దానికి జుట్టు ఊడిపోతోంది. తువ్వాల అందుకే. నేను లైటుకు అతికించిన వెంట్రుక ఆమె దిండు మీది నుంచి ఏరి ఇచ్చింది. మందు పని చేస్తుందా లేదా అన్నది ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. నీ పరీక్షలు అయ్యేదాకా నీకు తెలియొద్దని మా అందరిచేతా ఒట్టు పెట్టించుకుంది. మీ నాన్న కూడా “పరీక్షలైనంక చెప్దాం బాపూ” అంటున్నాడు. అతని బాధ అతనిది.

పైన బాగానే ఉన్నామని రాశాను. కొట్టివేద్దామని పెన్ను ఆనించి మళ్లీ తీశాను. ఇంతసేపు నేను కూడా నీకు ఓటీ చెప్పాను. ఇక నాతో కావడం లేదు. ఫోను మోగిందంటే ఆమె లేచి, మొహం కడుక్కుని, తువ్వాల చుట్టుకుని, నవ్వు తెచ్చుకుంటుంది. పెట్టేశాక పొద్దుగూకేదాకా గోడకు తిరిగి పడుకుంటుంది. అందరం అలసిపోయాం.

ఆరోజు గోడ మీద గీతలను ఆమె మంచం మీది నుంచే చూసింది. దుప్పటి తీసి కిటికీ తెరిచాక, పక్కలోకాల గురించి నువ్వు రాసింది చదివి వినిపించాను. తర్వాత ఎప్పటిలాగే అరిచింది.

“గయితే గా పక్కలోకంల నేను మంచిగున్ననా?”

వినబడింది. వినబడనట్టు లైటు తుడుచుకుంటూ కూర్చున్నాను. రెండోసారి ఆమె అరవలేదు. పెదాలు కదిలినదాన్ని బట్టి తెలుసుకున్నాను.

“ఉంటే గా సమ్మవ్వకు జెప్పు, మా పిల్లను జర సూస్కొమ్మని.”

ఆ సమ్మవ్వ నాకు తెలియదు బిడ్డా. నాకు తెలిసింది ఈ సమ్మవ్వే. అందుకే ఒట్టు తప్పి రాస్తున్నాను.

పరీక్షలు వదిలి రమ్మని అనను, రావద్దనీ అనను. ఆ రోజులు నీవి. ఏం చేయాలో నువ్వే చూసుకో. వస్తే మాత్రం తాత రాశాడనే చెప్పు, ఇంకో అబద్ధం కట్టొద్దు. తిట్లు నేను పడతాను. నాకెట్లాగూ సగమే వినబడతాయి. ఆ వెంట్రుక లైటు మూతికి అట్లాగే ఉంది, తీయలేదు.

జల్ది జవాబు రాయి. ఫోను మాత్రం చేయకు. అది నాకు వినబడదు, ఆమెకు వినబడుతుంది.

ఇట్లు
మీ తాత
సదయ్య