ఊపిరి వినబడే రికార్డు

ఖమ్మం పట్టణం, ఖానాపురం హవేలిలో నివాసముంటున్న నల్లమోతు నిర్మలాదేవి అను నేను, కీర్తిశేషులు నల్లమోతు చెంచురామయ్య గారి భార్యను, డెబ్బై నాలుగేళ్లదానను, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ పొందినదానను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ ఎవరి బోధా లేకుండా, నా తదనంతరం అమలులోకి రావలసిన ఈ వీలునామాను నా సొంత దస్తూరితో రాస్తున్నాను. గుండెకు చికిత్స జరిగిన మాట నిజం. చెవులు మాత్రం బాగున్నాయి. ఈ వయసులో ఇలాంటి వినికిడి అరుదని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఎందుకంటే కింద రాసిన వాటిలో చాలా మాటలు నా చెవిని నమ్మి రాసినవే. ఇంతకుముందు రాసిన వీలునామా ఇక చెల్లదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా మేడ మీద కిరాయికి ఉంటున్న భూక్యా కళ్యాణికి అప్పగిస్తున్నాను. ఈమెది కుసుమంచి మండలంలో ఒక తండా. బ్యాంకులో ఆఫీసరు. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, మా ఇంట్లో పొద్దుగూకులూ పాటలు మోగుతాయి, ఇబ్బందా అని ముందే అడిగాను. ‘తండాల డప్పుల మోతల పుట్టి పెరిగిన అమ్మా, నాకేం ఇబ్బంది?’ అన్నది. నెల తిరక్కుండానే కిందికి దిగి వచ్చి, నిన్న పెట్టినదీ ఇవ్వాళ పెట్టినదీ ఒకటే పాటనా అని అడిగింది. ఒకటే అన్నాను. ‘మరి నిన్న బేస్ గిటారు దూరంగ ఉండె, ఇయ్యాల నా కాళ్లకాడికొచ్చె, ఎందుకట్ల?’ అన్నది. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని నేను చాలా ఏళ్లు చూశాను.

2. వేంసూరులోని పొలం, ఈ ఇల్లు, బ్యాంకులో ఉన్న డబ్బు, నా ఏకైక కుమారుడు అనిల్‌కుమార్‌కు చెందుతాయి. వీటిపై మరెవరికీ ఏ హక్కూ లేదు. కళ్యాణి ఉండదలచినంత కాలం ఆమెను ఖాళీ చేయించరాదు.

వీటితో పాటు వాళ్ల నాన్న టేకు చెక్కతో స్వయంగా చేసిన రెండు స్పీకర్లు కూడా అనిల్‌కే. ఆయనకు చివరి రోజుల్లో చెవులు బాగా మందగించాయి. నేను రికార్డు పెడితే ఎడమ స్పీకరు పక్కన కుర్చీ వేసుకుని దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. అక్కడ పాలిష్ పోయి చెక్క తెల్లబడింది. అనిల్, ఆ చోట మళ్లీ పాలిష్ వేయించవద్దు. రెండింటినీ విడదీయవద్దు.

నువ్వెప్పుడూ అడిగేవాడివి, ‘అమ్మా, పాట ఒకటే గదా, ఇన్ని ప్లేట్లేంది?’ అని. అర్థం కాకపోయినా మొన్న పెద్ద వానకు వీధిలో నీళ్లు గడప దాటుతుంటే నువ్వు మొదట బీరువా జోలికి వెళ్లలేదు. రికార్డుల డబ్బాలే మేడ మీదికి మోశావు. అది నేను చూశాను. నోటితో చెప్పలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

3. నా రికార్డుల గురించి. ఇవి అమెరికాలోని నల్లవాళ్లు అరవై, డెబ్బైల్లో పాడిన సోల్, ఫంక్ పాటలు. 1979లో నేనూ మావారూ టీచర్లుగా జాంబియా దేశం వెళ్లి కాబ్వే అనే ఊళ్లో ఉన్నాం. అక్కడ నాకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. దవాఖానా నుంచి వచ్చాక నేను ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవనూ లేదు. పక్కింట్లో మిసెస్ ములెంగా అనే నర్సు ఉండేది. ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, రికార్డు పెట్టింది. ఒక ఆడమనిషి గొంతు. పాట చివర ఆమె ఆగుతుంది. డ్రమ్ము కూడా ఆగుతుంది. ఆమె ఊపిరి తీసుకుంటుంది. నా చెవి పక్కనే కూర్చుని ఎవరో ఊపిరి తీసుకున్నట్టే ఉంది. ఆ తర్వాతనే చివరి చరణం. అప్పుడు ఏడ్చాను. మిసెస్ ములెంగా లేచి వెళ్లి టీ పెట్టింది.

పాట పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే అందరూ ఫోనులో వెతికి పెట్టుకుని, విన్నామనుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు అదే రికార్డు కొత్తది కొని తెచ్చుకున్నాను. ఖమ్మంలో పెడితే పాట అంతా ఉంది, ఊపిరి లేదు. ఆ చోట ఖాళీ. నా చెవి తప్పేమోనని కొన్నాళ్లు అనుకున్నాను. తర్వాత తెలిసింది, పాట ఒకటే అయినా ఒక్కో దేశంలో ఒక్కో ఫ్యాక్టరీ సొంతంగా లోహపు అచ్చు చేయించుకుని రికార్డులు ఒత్తుతుందని. అచ్చు చెక్కిన మనిషి చెయ్యిని బట్టి, ఎన్నోసారి ఒత్తినదన్న దాన్ని బట్టి గొంతు దగ్గరవుతుంది, దూరమవుతుంది. లండన్‌లో ఒత్తినది తెచ్చాను. కలకత్తాలో ఒత్తినది తెచ్చాను. జపానుది తెప్పించాను, చప్పుడే లేదు, పెళ్లివారింట కొత్తల్లుడిలా బుద్ధిగా ఉంది, ఊపిరి కూడా బుద్ధిగా మింగేసింది. ఆ వెతుకులాటలో మిగతా పాటలన్నీ వచ్చి చేరాయి.

4. కింది 6వ, 7వ క్లాజుల్లో చెప్పిన ఒక్క రికార్డు, 7వ క్లాజులోని కొత్త ప్లేయరు తప్ప, నా దగ్గరున్న రికార్డులన్నీ, వాటిని తిప్పే పాత ప్లేయరు, సూదులు, కడిగే సామాను, కళ్యాణికి చెందుతాయి. వాటిని అమ్ముకునే హక్కు కూడా ఆమెకు ఉంది. కాని అమ్మా, అమ్మే ముందు విను. అట్ట చూసి మోసపోకు, అట్టలు మారతాయి. రికార్డును దీపం కింద వంచి, పాట అయిపోయాక లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి భాగం చూడు. అక్కడ సన్నగా గీసిన నంబరు ఉంటుంది. ఒక్కోసారి అచ్చు చెక్కిన మనిషి తన పొడి అక్షరాలు కూడా గీసి పెడతాడు. దాన్ని నమ్ము. రెండు రికార్డులను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే వాల్యూములో పెట్టు. పెద్దగా మోగినదే మంచిదనిపించడం చెవికి ఉన్న బలహీనత. మన దేశపు అచ్చు గనక తక్కువది అనే మాట ఎవరైనా అంటే, మూడో అరలో ఎర్ర దారం కట్టి ఉన్న కలకత్తా రికార్డు వినిపించు. ఆ ఒక్క పాటకు లండన్‌ది దాని ముందు నిలవదు.

హైదరాబాద్ నుంచి ఒక రికార్డుల వ్యాపారి తరచు ఫోన్ చేస్తాడు. ఒకసారి నాకు పాత లేబుల్ అతికించిన కొత్త రికార్డు అంటగట్టాడు. అతను ఫోన్ చేస్తే నేను చనిపోయానని చెప్పవద్దు, ఊళ్లో లేనని చెప్పండి. చనిపోయానంటే వ్యాను తీసుకుని వస్తాడు.

5. నా మనవరాలు లిఖితకు, తను చేసిన పూల గిన్నెనే ఇస్తున్నాను. ఏదో వీడియో చూసి, రికార్డును ఓవెన్‌లో మెత్తబరిచి అంచులు వంచి చేసింది. ఇంట్లో అందరూ నేను గుండె ఆగి పోతాననుకున్నారు. నిజానికి అది నన్నడిగే చేసింది. పనికిరానిది ఒకటి ఏరి ఇచ్చినది నేనే. ఆ గిన్నెలో నా ముత్యాల గొలుసు పెట్టి ఉంచాను. గొలుసు కూడా తనదే.

6. ఉదయ్ భాస్కర్ గురించి. ఇతను భద్రాచలంలో క్యాసెట్ రికార్డింగ్ దుకాణం నడిపేవాడు. నా ప్లేయరు పాడైతే బాగుచేసేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. 1986లో గోదావరి భద్రాచలాన్ని ముంచింది. ఆ వరద తర్వాత ఏటి ఒడ్డున, అడవి అంచులో ఒక మిషన్ దవాఖానా మూతబడింది. మరుసటి ఎండాకాలంలో అక్కడి పాత సామాను అమ్ముతున్నారని ఉదయ్ భాస్కర్ కబురు చేశాడు. ‘అక్కా, జల్దీ రాండ్రి. పెట్టెల ఇంగ్లీషు ప్లేట్లున్నయ్. వరద తాగినయ్ గాని పగల్లే’ అన్నాడు.

ఎప్పుడో పనిచేసి వెళ్లిపోయిన అమెరికా డాక్టరు వదిలేసిన ట్రంకు పెట్టె అది. అట్టలు గుజ్జయిపోయాయి. కొన్నింటికి లేబుల్ కాగితం కూడా నాని ఊడిపోయింది. గీతల నిండా గోదావరి ఒండ్రు. పెట్టె మొత్తం కొని జీపులో తెచ్చాను. నేనూ మావారూ వసారాలో కూర్చుని, ఒక్కో రికార్డు మీద ఫెవికాల్ పలచగా పోసి ఆరబెట్టి, పాల మీద మీగడ తీసినట్టు పొరను లాగేవాళ్లం. మట్టి అంతా పొరతో లేచి వచ్చేది. లేబుల్ లేని ఒకదాన్ని, ఏమిటో చూద్దామని ప్లేయరు మీద పెట్టాను. ఆ పాటే. చివరికి వచ్చేసరికి ఇద్దరం నిలబడి ఉన్నాం. ఆమె ఆగింది. ఊపిరి తీసుకుంది. లండన్, జపాన్ తిరిగిన వెతుకులాట మా జిల్లా అడవిలో తీరింది. దీపం కింద వంచి చూస్తే నంబరు పక్కన రెండు చిన్న అక్షరాలు ఉన్నాయి. వాటిని నేను మరిచిపోలేదు.

1993లో ఉదయ్ భాస్కర్ ఖమ్మం వచ్చి, ‘ఒక్క వారం ఇయ్యుండ్రి అక్కా, మంచి క్యాసెట్ చేసి మీక్కూడ ఇస్త’ అన్నాడు. ఆ రికార్డు ఎవరికీ ఇచ్చేది కాదు. కాని పెట్టె ఉన్న చోటు చెప్పింది అతనే. ఇచ్చాను. వారం కాస్తా నెలయింది. ఒక రోజు చేతిసంచీలో ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ‘బస్సుల ఎవరో సంచి మీద కూసున్నరక్కా. పగిలింది. ఏం జేయమంటరు?’ అన్నాడు. నా మొహం చూడలేదు.

అతను వెళ్లాక ముక్కలు కలిపి చూశాను. లేబుల్ తీసేసి ఉంది. నంబరు ఉంది. ఆ రెండు అక్షరాలు లేవు. అది నా రికార్డు కాదు. వేరేదాన్ని నానబెట్టి, లేబుల్ ఊడదీసి, విరిచి తెచ్చాడు. మావారికి తప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భద్రాచలం బస్సు ఎన్నిసార్లు ఎక్కినా ఆ దుకాణం ఉన్న వీధిలోకి మళ్లీ వెళ్లలేదు. నన్ను అక్కా అని పిలిచినవాడు పాటను కాదు, ఆ పిలుపునే ఎత్తుకుపోయాడనిపించేది.

7. నిరుడు శ్రావణమాసంలో ఒకామె మా గేటు దగ్గర నిలబడింది. భద్రాచలం సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌నని, పేరు పద్మప్రియ అని, ఉదయ్ భాస్కర్ కూతురినని చెప్పింది. చేతిలో దిండు గలీబులో చుట్టిన రికార్డు ఉంది. ‘నాయిన పోయిండు ఆంటీ. పోయేముందు గిది ఖమ్మంల నిర్మలక్కకు ఇయ్యుమన్నడు. ఏందని అడిగితే చెప్పలే, ఏడ్చిండు’ అన్నది.

వంచి చూశాను. రెండు అక్షరాలూ ఉన్నాయి. అప్పటికప్పుడు ప్లేయరు మీద పెట్టాను. సూది ఆనగానే తెలిసిపోయింది. బరువైన పాత సూదితో ఏళ్ల తరబడి వాయించి వాయించి గీతలు అరగదీశారు. చిటపటల మధ్య గొంతు ఎక్కడో ఉంది. ఊపిరి దగ్గరికి వచ్చేసరికి ఆ చోట ఉప్పు వేగినట్టు చప్పుడు, దాని అడుగున ఏదో ఉందీ లేనట్టు. నాకు ఒళ్లు మండింది. దాచుకున్నవాడు కనీసం కాపాడుకోలేదే అని, ఆ పిల్ల ముందే అనేశాను.

ఆమె తప్పు ఒప్పుకున్నట్టు తల వంచలేదు. వాళ్లమ్మ గురించి చెప్పింది. తల్లి పేరు నాగలత. 1993లో ఆమెకు కడుపులో కంతి. డాక్టర్లు ఇంటికి పంపేశారు. దుకాణం వెనక గదిలోనే కాపురం. ఉదయ్ భాస్కర్ నా రికార్డు పెట్టి క్యాసెట్ చేస్తుంటే మంచం మీది నుంచి విని, మళ్లీ పెట్టమన్నది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రోజూ అదే అడిగేది. రికార్డు తిరిగి ఇచ్చేయాలి కదా అని అతను క్యాసెట్ పెడితే, కాసేపు విని చెయ్యి ఊపిందట. ‘అమ్మ ఏమన్నదంటే ఆంటీ, ఇది అది కాదు, ఇందుల ఆమె ఊపిరి లేదు అన్నది. మాకు అర్థం కాలే. నాయిన మళ్ల ప్లేటే పెట్టిండు. అది వింటనే పండుకునేది.’

నాగలత ఆ వానాకాలంలో చనిపోయింది. ఆ తర్వాత ఉదయ్ భాస్కర్ రోజూ సాయంత్రం దుకాణం కట్టేసి, ఆ రికార్డు పెట్టుకుని, పూర్తయ్యాకే కూతురికి అన్నం పెట్టేవాడు.

ఆ ఊపిరి కోసం ఇన్ని దేశాల రికార్డులు తిరగేశాను. అది నాకొక్కదానికే వినబడుతుందేమో అనుకుని బతికాను. విన్న మనిషి ఇంకొకామె భద్రాచలంలో, మంచం మీద, క్యాసెట్ పక్కకు తోసి అదే మాట అన్నది. ఉదయ్ భాస్కర్ ఉన్న మాట చెబితే ఇచ్చేదాన్ని కదా. అతనికి ఆ నమ్మకం లేకపోయింది, లేదా ముక్కలు తెచ్చిన రోజు చెప్పే ఓపిక లేకపోయింది. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

పద్మప్రియను భోజనానికి ఆపాను. మళ్లీ వచ్చింది. ఇప్పుడు సెలవు దొరికితే వస్తుంది. ఈ మధ్య ‘ఆంటీ’ పోయి ‘అత్తమ్మా’ అయింది. నేను సరిచేయలేదు.

కాబట్టి లేబుల్ లేని ఆ రికార్డును, దానితో పాటు గీతలను అంతగా గాయపరచని తేలిక సూది గల నా కొత్త ప్లేయరును, పద్మప్రియకు రాసి ఇస్తున్నాను. ఆ రికార్డు ఆమె తండ్రి దగ్గర ఉన్న కాలమంతా నా ఇష్టపూర్వకంగానే ఉన్నట్టు అందరూ భావించవలెను. దాన్ని దొంగసొత్తని ఎవరూ అనరాదు. విదేశాల్లో దానికి మంచి ధర ఉందని ఎవరైనా చెప్పినా, నా కుమారుడు గాని ఇతర వారసులు గాని దానిపై తగాదా పెట్టరాదు. పద్మప్రియ దాన్ని భద్రంగా దాచవలసిన పని లేదు. దాన, వినిమయ, విక్రయాది సమస్త హక్కులతో, తనకు బుద్ధి పుట్టినప్పుడల్లా వాయించుకుని పూర్తిగా అరగదీసే హక్కుతో సహా, ఆమె దానిని అనుభవించవలెను.

పై ఏడు క్లాజులూ నేనే రాసి, నేనే చదువుకుని, సరిగా ఉన్నవని నమ్మి, దిగువ సాక్షుల ఎదుట చేవ్రాలు చేస్తున్నాను.

ఖమ్మం, 2025 నవంబరు 12, బుధవారం.

(సంతకం) నల్లమోతు నిర్మలాదేవి

సాక్షులు:
1. బొజ్జయ్య, రిటైర్డ్ హెడ్‌మాస్టరు, ఎదురింటి నివాసి
2. రాందాస్, మందుల దుకాణం యజమాని, ఖానాపురం హవేలి