మోకాళ్ళ నూనె

అమ్మా,
కోటప్పకొండ తిరునాళ్ళ వార్తలు రాయడానికి వెళ్తున్నాను. మిరప కోతకు పోయినా నీళ్ళు తాగడం మానొద్దు. తాగకపోతే మూత్రం చిక్కబడి ఇంకా ఆగదని నిన్న డాక్టరమ్మ చెప్పింది కదా. మూత్రం ఆపుకునేటట్టు కండరాలు బిగించి, ఐదు లెక్కపెట్టి వదులు. పదేసిసార్లు, మూడు పూటలా చెయ్యి. మూడు నెలలకూ తగ్గకపోతే చిన్న ఆపరేషన్ ఉందట.

"కాన్పులైన ఆడోళ్ళకు ఇది మామూలేగా, తల్లీ" అని ఆమెతో అన్నావు. తిరునాళ్ళకు మన ఊరి ప్రభబండి వెంట కొండదాకా నడవడం నువ్వు మానేసి ఆరేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులన్నావు. ఊరందరినీ గుచ్చి గుచ్చి అడిగే నేను నిన్ను రెండో ప్రశ్న అడగలేదు. ఏటా నూనె తెచ్చిపెట్టాను.

పద్మజ

బీరువా వెనక ఆ నూనె సీసాలు చూశాను. ఆరింటిలో ఒక్కదానికీ మూత తీయలేదు.