పూజలో పెట్టిన తుమ్మ మొద్దు

తమ్ముడూ శేషూ,

టిప్పరు తొట్టి కింద నలిగి నువ్వు పోయి ఏడాదయింది. మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. దాచేపల్లిలో మన షెడ్డు అలాగే ఉందిరా. నీ చోట్లోకి వచ్చిన మెకానిక్కు కోటయ్య పొద్దున్నే స్పానర్లూ సుత్తులూ కడిగి పేర్చాడు. తుమ్మ మొద్దుకి కూడా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. నేను చూసుకోలేదు.

హారతి కాకముందే సున్నపురాయి తోలే టిప్పరొకటి వచ్చింది. తొట్టిని లేపే జాకీ దగ్గర ఆయిల్ కారిపోతోంది. "త్వరగా కానివ్వండయ్యా, అక్కడ లోడు ఆగిపోయింది!" అని ఓనరు ఒకటే అరుపు. నేను తల తిప్పేసరికి కోటయ్య ఖాళీ తొట్టిని పైకి లేపించి, కిందికి దూరి, జాకీ ఆయిల్ పైపు నట్టుకి స్పానరు వేశాడు. తొట్టి పడకుండా ఆనించాల్సిన మొద్దు మాత్రం పూజలోనే ఉంది.

కాళ్ళు పట్టి బయటికి ఈడ్చాను. లేవగానే చెంప పగలగొట్టాను. పెదవి చిట్లింది.

"పూజలో పెట్టినదాన్ని ఎట్టా తీస్తానండీ?" అన్నాడు.

మళ్ళీ కొట్టాను. అడ్డొచ్చిన ఓనరుని గోడకేసి తోశాను. హారతి పళ్ళేన్ని తన్నేసి, మొద్దు లాక్కొచ్చి తొట్టి కింద నిలబెట్టాను. పక్కనుంచి నట్టు నేనే విప్పాను. ఆయిల్ చిమ్మి తొట్టి దబ్బున పడింది. మొద్దు నిలువునా పగిలింది గానీ, తొట్టిని ఆపింది.

కోటయ్య నెత్తురు తుడుచుకుంటూ నాకు దణ్ణం పెట్టాడు.

నిరుడు నువ్వు ఈ మొద్దు కోసమే వస్తే, "ఒరేయ్, పూజయ్యేదాకా దాన్ని ముట్టుకోకు" అన్నది నేనే శేషూ. ఆ రోజు నన్ను కొట్టేవాడు షెడ్డులో ఒక్కడూ లేకపోయాడు.

అన్నయ్య